కాలిఫోర్నియాలో ఇంటి డే కేర్‌కు లైసెన్సు: అద్దె ఇల్లు, హెచ్4 ఈఏడీ, ఇండియా నుంచి వచ్చే పెద్దలు

మీరు అడిగినదాని సారాంశం ఇది. మీరు హెచ్4 వీసా (హెచ్1బీ ఉద్యోగి జీవితభాగస్వామికి ఇచ్చేది) మీద కాలిఫోర్నియాలో ఉన్నారు, పని చేయడానికి అనుమతినిచ్చే ఈఏడీ కార్డు ఉంది, అద్దె టౌన్‌హౌస్‌లో ఉంటున్నారు, మూడేళ్ళ పాప ఉంది, రెండు నెలల్లో మీ అత్తమామలు ఆరు నెలలు ఉండడానికి వస్తున్నారు. ఇంట్లోనే ఆరుగురు పిల్లలతో డే కేర్ మొదలుపెట్టాలనుకుంటున్నారు. మీ బీఎడ్ పనికివస్తుందా, మీవారు సాయం చేయవచ్చా, ఇంటి యజమాని ఒప్పుకోకపోతే ఏమిటి, ఎంతకాలం పడుతుంది అన్నవి మీ ప్రశ్నలు. నేను ఇదే రాష్ట్రంలో పదకొండేళ్ళుగా ఇంటి డే కేర్ నడుపుతున్నాను. మొదటి నాలుగేళ్ళు చిన్న లైసెన్సు (ఎనిమిది మంది పిల్లల వరకు) మీద, ఆ తరువాత అంతకంటే ఎక్కువ మందికి ఇచ్చే పెద్ద లైసెన్సు మీద నడిపాను. ఇక్కడ రాసేదంతా కాలిఫోర్నియాకే వర్తిస్తుంది. పక్క రాష్ట్రంలో పిల్లల సంఖ్య దగ్గర నుంచి అన్నీ మారిపోతాయి కాబట్టి ఇతర రాష్ట్రాల్లో ఉన్నవారు దీన్ని చూసి నిర్ణయాలు తీసుకోవద్దు.

ముందుగా బీఎడ్ సంగతి. ఇంటి డే కేర్ లైసెన్సుకు డిగ్రీ అక్కరలేదు, పద్దెనిమిదేళ్ళు నిండి ఉంటే చాలు. చైల్డ్ కేర్ సెంటర్‌లో టీచర్‌గా చేరాలంటే శిశు విద్యలో 12 సెమిస్టర్ యూనిట్లు అడుగుతారు గానీ అది వేరే దారి. మీ చదువు తల్లిదండ్రులకు నమ్మకం కలిగిస్తుంది, దరఖాస్తులో మాత్రం దానికి పెద్ద బరువు లేదు. రాష్ట్ర సాంఘిక సేవల శాఖ కింద ఉన్న కమ్యూనిటీ కేర్ లైసెన్సింగ్ విభాగం మీతో పాటు మీ ఇంటినీ, ఆ ఇంట్లో నివసించే పద్దెనిమిదేళ్ళు దాటిన ప్రతి మనిషినీ చూస్తుంది. నేను చూసినంతలో మనవాళ్ళ దరఖాస్తులు ఆగిపోయేది ఎప్పుడూ ఈ రెండో భాగంలోనే. అందుకే మీ ప్రశ్నల వరుసను మార్చి, ఇల్లు, ఇంట్లోవాళ్ళు అన్న కోణం నుంచి చెబుతాను.

అంతకంటే ముందు వీసా. లైసెన్సింగ్ విభాగం పని పిల్లల భద్రత చూడడం. మీకు పని చేసే హక్కు ఉందా లేదా అన్నది ఫెడరల్ ప్రభుత్వానికి సంబంధించిన విషయం. ఒకరిచ్చిన కాగితం రెండోవారి దగ్గర చెల్లదు. లైసెన్సు వచ్చేసింది కదా అని ఈఏడీ లేకుండా హెచ్4 మీద డబ్బు తీసుకుని పిల్లలను చూసుకుంటే అది అనుమతి లేని ఉద్యోగమే అవుతుంది, రేపు గ్రీన్‌కార్డు దరఖాస్తు సమయంలో అది బయటపడుతుంది. ఈఏడీ ఉన్న హెచ్4 వారు స్వయం ఉపాధి చేసుకోవచ్చు కాబట్టి మీకు ఆ ఇబ్బంది లేదు. కార్డు గడువు తేదీని మాత్రం డే కేర్ గడువు తేదీగానే భావించండి. రెన్యువల్ దరఖాస్తును గడువుకు 180 రోజుల ముందు నుంచి పెట్టుకోవచ్చు, ఆ మొదటి వారంలోనే పెట్టండి. కార్డు చేతికి రాక రెండు నెలలు తలుపులు మూస్తే తల్లిదండ్రులు మీ కోసం ఎదురుచూడరు, వేరే చోటు వెతుక్కుంటారు.

మీవారు హెచ్1బీ మీద ఉన్నారు కాబట్టి ఆయనకు అనుమతి ఉన్నది ఆయన కంపెనీలో పనికి మాత్రమే. జీతం తీసుకోకుండా చేసినా సరే, రోజూ పిల్లలకు భోజనం పెట్టడం, మీరు లేనప్పుడు చూసుకోవడం వంటివి మీ వ్యాపారంలో పని కిందికే వస్తాయి. సాయంత్రం బొమ్మలు సర్దిపెట్టే భర్త జోలికి ఎవరూ రారు గానీ, ఆయనను సహాయకుడిగా కాగితాల మీద చూపించే ముందు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో ఒక గంట మాట్లాడండి. సందర్శకుల వీసా మీద వచ్చే అత్తమామల విషయంలో న్యాయవాది కూడా అవసరం లేదు. వారు డే కేర్‌లో పని చేయకూడదు.

పని చేయకపోయినా వారు మీ దరఖాస్తులోకి వస్తారు, చాలామందికి తెలియనిది ఇదే. ఇంట్లో ఉండే పెద్దలందరూ లైవ్ స్కాన్ అనే ఎలక్ట్రానిక్ పద్ధతిలో వేలిముద్రలు ఇవ్వాలి. వాటిని రాష్ట్ర న్యాయ శాఖ, ఎఫ్‌బీఐ, రాష్ట్ర బాలల వేధింపుల కేంద్ర సూచిక దగ్గర సరిచూస్తారు. ఆరు నెలల పాటు మీ ఇంట్లో పడుకుని లేచే మనిషిని చుట్టపుచూపుగా వచ్చినవారిగా లెక్కకట్టరు. క్లియరెన్స్ (ఈ సరిచూపు తరువాత వచ్చే ఆమోదం) లేని పెద్దవారు ఇంట్లో ఉన్నట్టు తేలితే మనిషికి రోజుకు 100 డాలర్ల చొప్పున జరిమానా అక్కడికక్కడే వేస్తారు. నా మొదటి ఏడాదిలో మా మామగారు వచ్చిన మూడో వారంలో తనిఖీ జరిగింది. ఆయన పేపరు చదువుకుంటూ సోఫాలో కూర్చుని, అధికారికి నమస్కారం పెట్టి, ఆరు నెలలు ఉంటానని సంతోషంగా చెప్పారు. ఆ తరువాతి గంట ఎలా గడిచిందో వివరించనక్కరలేదు. వారు విమానం దిగిన రెండో రోజే పాస్‌పోర్టు పట్టుకుని లైవ్ స్కాన్‌కు తీసుకువెళ్ళండి, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఉంటారో మీ ఫైలు చూసే లైసెన్సింగ్ విశ్లేషకులకు ముందుగానే రాతపూర్వకంగా తెలియజేయండి.

నేర చరిత్ర ప్రకటన పత్రం ఒకటి ఉంటుంది, అందరూ విడివిడిగా నింపి సంతకం చేయాలి. గత అయిదేళ్ళలో వేరే రాష్ట్రంలో ఉన్నారా అని అందులో అడుగుతారు. టెక్సస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవారు ఆ గడిని ఖాళీగా వదిలేయడం, దానితో ఫైలు వెనక్కి రావడం మామూలే. చిన్న ట్రాఫిక్ చలానాలు మినహా ఏ శిక్ష పడినా, ఎన్నేళ్ళు గడిచినా రాయాలి. మద్యం తాగి కారు నడిపిన కేసు చిన్న చలానా కాదు. మినహాయింపు కోరే పద్ధతి ఉంది కాబట్టి నేరం కంటే దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది.

క్షయ పరీక్ష కూడా పెద్దలందరికీ ఉంటుంది. ఇండియాలో పుట్టిన మనలో చాలామందికి చిన్నప్పుడు క్షయ రాకుండా బీసీజీ టీకా వేశారు. దానివల్ల చర్మం మీద చేసే పరీక్షలో వ్యాధి లేకపోయినా పాజిటివ్ రావచ్చు, ఆపైన ఛాతీ ఎక్స్‌రే, మళ్ళీ డాక్టరు ఉత్తరం అంటూ వారాలు గడిచిపోతాయి. బీసీజీ వేసుకున్నవారికి రక్త పరీక్ష మేలైనది, మొదటే డాక్టరును అదే అడగండి. ఇక పిల్లలను చూసుకునేవారికి తట్టు, కోరింత దగ్గు టీకాల రుజువు కావాలి. ఫ్లూ టీకా వద్దనుకుంటే ఏటా రాతపూర్వకంగా చెప్పవచ్చు. తట్టు టీకా వేసినట్టు కాగితం ఇండియాలో ఎక్కడుందో తెలియకపోతే మళ్ళీ వెతికించక్కరలేదు, రోగనిరోధక శక్తి ఉందని చూపే రక్త పరీక్ష సరిపోతుంది.

ఇప్పుడు ఇల్లు. అద్దె ఇల్లని భయపడకండి. 2020 జనవరి 1 నుంచి అమలులో ఉన్న సెనేట్ బిల్లు 234 ప్రకారం చిన్నదైనా పెద్దదైనా ఇంటి డే కేర్‌ను నివాస వినియోగంగానే చూడాలి. అద్దె ఒప్పందంలో వద్దని రాసినా, ఇళ్ళ యజమానుల సంఘం నియమాల్లో వద్దని రాసినా అది చెల్లదు, నగరం ప్రత్యేక జోనింగ్ (స్థల వినియోగ) అనుమతి అడగకూడదు. మీరు చేయవలసింది డే కేర్ మొదలుపెట్టడానికి 30 రోజుల ముందు ఇంటి యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇవ్వడం. ఆయన చట్టపరిమితికి లోబడి అదనపు డిపాజిట్ అడగవచ్చు. చట్టం మీ వైపు ఉన్నప్పటికీ నోటీసును పోస్టులో పడేసే ముందు ఒకసారి స్వయంగా వెళ్ళి మాట్లాడండి. ఆరుగురు పిల్లల తల్లిదండ్రులు ఉదయం ఎక్కడ కారు ఆపుతారు అన్నదే ఆయన అసలు బెంగ అయి ఉంటుంది, దానికి సమాధానం దగ్గర పెట్టుకుని వెళ్ళండి.

పిల్లల సంఖ్య దగ్గర చాలామంది లెక్క తప్పుతారు. చిన్న లైసెన్సులో మూడు రకాల అమరికలు ఉన్నాయి: రెండేళ్ళు నిండని శిశువులు మాత్రమే అయితే నలుగురు, లేదా మొత్తం ఆరుగురిలో శిశువులు ముగ్గురికి మించకుండా, లేదా మొత్తం ఎనిమిది మందిలో శిశువులు ఇద్దరికి మించకుండా. ఎనిమిది కావాలంటే వారిలో కనీసం ఒకరు కిండర్‌గార్టెన్‌లో గానీ ఎలిమెంటరీ స్కూల్లో గానీ ఉండాలి, మరొకరికి ఆరేళ్ళు నిండాలి, అద్దె ఇల్లయితే యజమాని లిఖిత అంగీకారం తప్పనిసరి. ఇంట్లో ఉండే మీ సొంత పిల్లలు పదేళ్ళ లోపువారైతే ఈ లెక్కలో కలుస్తారు. అంటే మీ పాపను కలుపుకుని ఆరుగురు, బయటి పిల్లలు అయిదుగురే. పాపకు మూడేళ్ళు కాబట్టి నలుగురు శిశువుల అమరిక మీకు కుదరదు. మీరు ఆదాయం లెక్కను ఆరుగురితో వేసుకున్నారు, దాన్ని అయిదుగురితో, అందులో మొదటి ఆరు నెలలు ముగ్గురితో వేసి చూడండి. ఆ లెక్కలోనూ ఇల్లు గడిచేట్టుంటేనే ముందుకు వెళ్ళండి.

ఇంటి తనిఖీకి వచ్చినప్పుడు చూసేవి చాలావరకు ఇంగితజ్ఞానమే. 2ఏ10బీసీ రకం అగ్నిమాపక సిలిండరు, పొగ డిటెక్టరు, కార్బన్ మోనాక్సైడ్ డిటెక్టరు పనిచేస్తూ ఉండాలి. అయిదేళ్ళ లోపు పిల్లలు ఉంటే మెట్లకు గేటు పెట్టాలి, ఫైర్‌ప్లేస్‌కు అడ్డు ఉండాలి, విషపదార్థాలు తాళంలో ఉండాలి, మందులూ శుభ్రపరిచే ద్రావణాలూ పిల్లలకు అందని చోట ఉండాలి. ఈత కొలను ఉంటే కంచె కనీసం 5 అడుగుల ఎత్తు ఉండి, గేటు దానంతట అదే మూసుకుని గడియ పడేదిగా ఉండాలి. బేబీ వాకర్లు నిషిద్ధం, ఉంటే ఇవాళే తీసేయండి. అధికారిక పత్రాల్లో రాయకపోయినా మన ఇళ్ళలో ప్రత్యేకంగా చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. కింది అరలో పెట్టిన దేవుడి గూట్లో వెలిగే దీపం, అగరుబత్తి, అగ్గిపెట్టె, కర్పూరం పిల్లవాడి చేతి ఎత్తులో ఉంటాయి. పెద్దవారి బీపీ, షుగర్ మాత్రలు భోజనాల బల్ల మీద గిన్నెలో ఉంటాయి. నా ముందస్తు తనిఖీలో అధికారి ముందుగా వేలు చూపించింది ఆ గిన్నెనే. దేవుడి గూటిని గోడకు పైకి ఎత్తించాను, మాత్రలకు తాళం ఉన్న డబ్బా కొన్నాను.

శిశువుల నిద్ర గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన పెంపకానికీ ఇక్కడి నియమాలకీ బాగా తేడా వచ్చేది ఇక్కడే. ఏడాది నిండని బిడ్డను ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టాలి. తొట్టిలో దుప్పటి, దిండు, బొమ్మ, చుట్టూ మెత్తలు ఏమీ ఉండకూడదు, పరుపు మీద బిగుతుగా తొడిగిన గుడ్డ ఒక్కటే. గుడ్డలో చుట్టి పడుకోబెట్టకూడదు. రెండేళ్ళు నిండేవరకు నిద్రపోతున్న ప్రతి శిశువునూ 15 నిమిషాలకు ఒకసారి చూసి, చూసినట్టు కాగితం మీద నమోదు చేయాలి. చీర ఉయ్యాలలో తప్ప నిద్రపోడు అని చెప్పే తల్లులు మీ దగ్గరకు తప్పకుండా వస్తారు, ఉయ్యాలలోనో కారు సీటులోనో కునుకు పట్టిన బిడ్డను తొట్టిలోకి మార్చవలసిందే. నేను చేర్చుకునే రోజే ఈ మాట చెబుతాను, మెడలో నల్లదారం, తాయెత్తు ఉంటే నిద్రకు ముందు తీసేస్తానని కూడా చెబుతాను. ఒప్పుకోనివారిని చేర్చుకోను. దిష్టి మీద వారి నమ్మకాన్ని నేను తప్పుపట్టను, కాలికి కట్టుకోమంటాను.

అలాగే అమ్మమ్మ పంపిన గ్రైప్ వాటర్, దగ్గుకు తేనె వంటివి. తల్లిదండ్రుల లిఖిత అనుమతి లేకుండా ఏ మందూ ఇవ్వకండి. ఏడాది లోపు బిడ్డకు తేనె అనుమతి ఉన్నా ఇవ్వకండి, అది బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బుకు దారితీయగలదు. ఒక్క దెబ్బ వేయడం కూడా నిషేధమే. తల్లి స్వయంగా వచ్చి "అల్లరి చేస్తే ఒకటి వేయండి ఆంటీ" అన్నా అది అనుమతి కాదు.

చదువు విషయంలో మీకు కావలసినది 16 గంటల ఆరోగ్య, భద్రతా శిక్షణ. అందులో ఎనిమిది గంటలు అంటువ్యాధులు, పోషణ, సీసం విషప్రభావం వంటి అంశాలు, తక్కిన ఎనిమిది పిల్లల సీపీఆర్ (గుండె, ఊపిరి ఆగినప్పుడు చేసే అత్యవసర సాయం), ప్రథమ చికిత్స. శిక్షణ ఇచ్చే సంస్థకు రాష్ట్ర అత్యవసర వైద్య సేవల ప్రాధికార సంస్థ ఆమోదం ఉండాలి. ఆన్‌లైన్‌లో చవకగా దొరికే సీపీఆర్ సర్టిఫికెట్లు ఇక్కడ చెల్లవు, ఒక స్నేహితురాలు రెండుసార్లు డబ్బు కట్టింది. సీపీఆర్‌ను రెండేళ్ళకొకసారి కొత్తగా చేయించుకోవాలి. పిల్లల మీద వేధింపుల గురించి అధికారులకు ఫిర్యాదు చేసే బాధ్యతపై మరో శిక్షణ ఉంటుంది, అదీ రెండేళ్ళకొకసారే. దాన్ని మొక్కుబడిగా ముగించకండి. అనుమానం కలిగితే వెంటనే ఫోన్‌లో, 36 గంటల్లో లిఖితపూర్వకంగా తెలియజేయడం మీ చట్టబద్ధ విధి. ఆ కుటుంబం మీ గుడిలోనో మీ తెలుగు సంఘంలోనో ప్రతివారం కలిసేవారే కావచ్చు. పరువు, స్నేహం, వారి వీసా ఏమవుతుందో అన్న జాలి అన్నీ ఆ రోజు గుర్తుకు వస్తాయి. రుజువు చేయడం మీ పని కాదు, తెలియజేయడం వరకే.

పని వరుస ఇలా పెట్టుకుంటే కాలం కలిసివస్తుంది. ఓరియెంటేషన్‌తో మొదలుపెట్టండి, ఆన్‌లైన్‌లోనే ఉంటుంది, రుసుము 25 డాలర్లు. అది నడుస్తుండగానే సీపీఆర్ తరగతికి తేదీ తీసుకోండి, క్షయ పరీక్ష చేయించండి, ఇంటి యజమానికి నోటీసు ఇవ్వండి. దరఖాస్తు పత్రం ఎల్‌ఐసీ 279. ఎల్‌ఐసీ అనగానే మనకు బీమా ఏజెంటు గుర్తుకువస్తాడు గానీ ఇక్కడ ప్రతి పత్రానికీ ముందు అదే ఉంటుంది. దానితో పాటు ఇంటి నమూనా గీసి ఏ గదులు పిల్లలకు, ఏవి కాదు అని చూపాలి, అత్యవసర ప్రణాళిక జతచేయాలి. చిన్న లైసెన్సుకు దరఖాస్తు రుసుము 73 డాలర్లు, ఆపైన ఏటా అంతే. నాకు మొత్తం నాలుగున్నర నెలలు పట్టింది, అందులో ఒకటిన్నర నెల నేను పంపిన పత్రాల్లో ఒక సంతకం లేకపోవడం వల్ల పోయింది. పంపే ప్రతి కాగితాన్నీ నకలు తీసి ఉంచుకోండి. లైసెన్సు వచ్చేవరకు, మీ బిడ్డ కాక ఒకే ఒక కుటుంబానికి చెందిన పిల్లలను లైసెన్సు లేకుండా చూసుకోవడానికి చట్టం అనుమతిస్తుంది. రెండో కుటుంబం పిల్లవాడు గడప దాటిన క్షణం నుంచి లైసెన్సు కావాలి.

బాధ్యత బీమా గురించి మీరు అడగలేదు, అడగవలసింది. ఒక్కో సంఘటనకు 1,00,000 డాలర్లు, ఏడాదికి 3,00,000 డాలర్ల పాలసీ గానీ, 3,00,000 డాలర్ల బాండు గానీ ఉండాలి. రెండూ లేకపోతే ఆ సంగతి తమకు తెలుసని ప్రతి తల్లిదండ్రుల చేత సంతకం చేయించి ఉంచుకోవాలి. సంతకాల దారి చవక. నేను దాన్ని ఎవరికీ సూచించను, మామూలు ఇంటి బీమా సాధారణంగా ఇంట్లో నడిచే వ్యాపారానికి వర్తించదు.

డబ్బు లెక్క విషయంలో నగదు తీసుకుని ఊరుకుందామన్న ఆలోచన ఉంటే మానుకోండి. పిల్లల సంరక్షణ ఖర్చు మీద పన్ను రాయితీ కోరే ప్రతి తల్లీ మీ పన్ను గుర్తింపు సంఖ్యను తన రిటర్నులో రాయాలి. అందుకే సోషల్ సెక్యూరిటీ సంఖ్యకు బదులు ఇవ్వడానికి ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే పన్ను గుర్తింపు సంఖ్య) తీసుకోండి. మీ లాభం మీద మామూలు ఆదాయపు పన్నుతో పాటు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను ఉంటుంది, మూడు నెలలకొకసారి ముందస్తుగా కట్టుకుంటూ రావాలి. మరోవైపు అద్దె, విద్యుత్తు, నీటి ఖర్చుల్లో కొంత భాగాన్ని, పిల్లలు వాడే స్థలం, వాడే గంటల నిష్పత్తిలో తగ్గించుకోవచ్చు. ఈ వెసులుబాటు లైసెన్సు ఉన్నవారికీ, దరఖాస్తు చేసుకున్నవారికీ, చట్టమే మినహాయించినవారికీ మాత్రమే. పిల్లలు లేని సమయంలో మీరు శుభ్రం చేసిన గంటలూ లెక్కలోకి వస్తాయి, మొదటి రోజు నుంచే ఒక పుస్తకంలో రాసుకోండి.

లైసెన్సు రాగానే ఫెడరల్ ఆహార కార్యక్రమంలో స్పాన్సర్ సంస్థ ద్వారా చేరండి. బిడ్డకు రోజుకు రెండు భోజనాలు, ఒక చిరుతిండి వరకు ఖర్చు తిరిగి ఇస్తారు. శాకాహారమైనా ఫర్వాలేదు, పప్పు, పెరుగు మాంసానికి బదులుగా లెక్కకు వస్తాయి. రోజులో ఒక పూటైనా ముడి ధాన్యం ఉండాలి కాబట్టి పప్పన్నాన్ని దంపుడు బియ్యంతో వండండి. నా పిల్లలు వారం రోజులు మొహం ముడిచి తరువాత అలవాటు పడ్డారు.

లైసెన్సు తరువాత తనిఖీలు చెప్పకుండానే వస్తాయి, పిల్లలు ఉన్న వేళల్లో తల్లిదండ్రులు కూడా ఎప్పుడైనా చెప్పకుండా లోపలికి రావచ్చు. డే కేర్ నడిచే సమయంలో అయిదో వంతుకు మించి మీరు ఇంట్లో లేకుండా ఉండకూడదు, అప్పుడు కూడా క్లియరెన్స్ ఉన్న, అర్హత కలిగిన పెద్దవారు పిల్లల దగ్గర ఉండాలి. ఆరు నెలలకొకసారి అగ్నిప్రమాద విన్యాసం చేయించి తేదీ రాసుకోవాలి. తీవ్రమైన లోపాన్ని టైప్ ఏ అంటారు, అది రాస్తే ఆ నివేదికను 30 రోజులు ఇంట్లో కనిపించేలా అంటించి, తల్లిదండ్రులకు నకళ్ళు ఇవ్వాలి. నివేదికలు ఆన్‌లైన్‌లో అందరికీ కనిపిస్తాయి, మిమ్మల్ని ఎంచుకునే ముందు తల్లులు వాటిని చదువుతారు. మీ పరిసరాల్లోని డే కేర్ల నివేదికలను మీరు కూడా ఇప్పుడే చదవండి, అధికారులు దేనిని పట్టుకుంటారో అంతకంటే బాగా ఏ తరగతీ నేర్పదు.

మీ అద్దె ఒప్పందం వచ్చే ఏప్రిల్‌లో ముగుస్తుందని రాశారు. లైసెన్సు ఒక చిరునామాకు ఇచ్చేది, ఇల్లు మారితే అది మీ వెంట రాదు. కొత్త ఇంటికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ తనిఖీ. మారే ఉద్దేశం ఉంటే ముందు ఇల్లు మారి, ఆ చిరునామాతోనే మొదలుపెట్టండి. శిక్షణ, క్షయ పరీక్ష, అత్తమామల వేలిముద్రల పని ఈలోగా పూర్తిచేసుకోవచ్చు.